ఫ్లాస్కులో పట్టుకొచ్చిన స్వరం

"గిటారు తీగ తెగింది. నేను పక్కనున్నాను కాబట్టి సరిపోయింది. అంతే," అన్నాడు మైకన్నయ్య, టీ గ్లాసు బెంచీ మీద పెడుతూ.

మైకు లేకపోయినా వీధి చివరిదాకా వినిపించే గొంతు కాబట్టి అందరికీ ఆయన మైకన్నయ్య. టీ కొట్టు నడిపే ఆయన భార్య అందరికీ వదిన. స్టవ్ దగ్గర పాలు కలుపుతున్న వదినకి ఆ "అంతే" వినగానే గుండె జారింది. అంతే అన్నాక ఆయన ఏ కథనీ అంతటితో ఆపిన పాపాన పోలేదు.

ఇవాళ మాత్రం ఆపాలి. బెంచీ చివర కూర్చుని టీ చల్లార్చుకుంటున్నది ఎదురు స్టూడియోలో పాడిన పెద్దాయన అక్కగారు. తన పాటలు తనే రాసుకుని తనే పాడే రాక్ గాయకుడాయన. జుట్టంతా నెరిశాక, ఎన్నో ఏళ్ళ తర్వాత, ఒక కొత్త ఆల్బమ్ చేశాడు. రేపే విడుదల. ఆపైన ఊరూరా తిరిగి పాడతాడట, వ్యాను నడపడానికి మనిషి కావాలట. ఆ మనిషిని చూసుకోవడానికే అక్కగారు వచ్చింది. సొంత వ్యాను ఇంజను పోయి మూలపడ్డప్పటి నుంచి మైకన్నయ్య ఈ బెంచీకి అతుక్కుపోయాడు. పగలల్లా అందర్నీ నవ్విస్తాడు, ఇంటికెళ్ళాక గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఆ గోడవైపు తిరిగిన వీపుని చూడలేకే వదిన పొద్దున దేవుడి ముందు చాలాసేపు నిలబడి వచ్చింది.

"ఏ పాటప్పుడు తెగిందిరా?" అన్నాడు పక్కనే కూర్చున్న టైలర్ మామ, ఆయన్ని ఎగదోస్తూ.

"చివరి పాట మామా! పెద్దాయన కళ్ళు మూసుకుని పాడేస్తున్నాడు. టప్పుమని తెగింది. బజారుకెళ్ళి కొత్త తీగ తెచ్చేలోపు ఆ ఊపు ఉంటుందా? పాటంటే పాలపొంగు లాంటిది కదా, స్టవ్ ఆపితే అణిగిపోతుంది. నేనేం చేశాను? బయటికి పరిగెత్తి నా సైకిలు బ్రేకు తీగ ఊడబీకాను."

"నేను బిగించిన తీగేనా అన్నయ్యా?" అన్నాడు సైకిలు షాపతను.

"నీదేరా! లేకపోతే శ్రుతి అంత నిఖార్సుగా ఎలా పలుకుతుంది?"

సైకిలు షాపతను ముఖం వెలిగిపోయింది. ఇక అతను ఏ సందేహమూ అడగడని వదినకి అర్థమైపోయింది. నిజానికి రికార్డింగు జరుగుతోందని ఎర్ర బల్బు వెలుగుతుంటే స్టూడియో లోపలికి ఈగని కూడా పోనివ్వరు. మైకన్నయ్య రోజూ వదిన పోసిచ్చిన టీ ఫ్లాస్కుని వాకిట్లో అందించి వచ్చేసేవాడు. ఆ స్టూడియోతో ఆయనకున్న చుట్టరికం అక్కడితో సరి.

"తీగ బిగించి మీటాడు చూడండీ, ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నీ సైకిలు ఆగి ఉండదు," అన్నాడు టైలర్ మామ.

"ఎగతాళి కాదు మామా, పాట ఆగలేదు! పెద్దాయన స్వరం ఎత్తుకున్నాడు. పైకెళ్ళింది. ఇంకా పైకెళ్ళింది. చప్పుడు బయటికి పోకుండా గోడలకి స్పాంజి పలకలు కొడతారు చూడు, అవి బూరెల్లా ఉబ్బిపోయాయి. సౌండు ఇంజనీరు కళ్ళజోడు దానంతటదే వెనక్కి తిరిగి, పాపం, ఆయన్నే చూడసాగింది. వీధిలో కుక్కర్లన్నీ స్టవ్ ఎక్కకుండానే విజిళ్ళు వేశాయి."

"మా ఇంట్లో వెయ్యలేదే?"

"మీ ఇంట్లోనే గట్టిగా వేసింది. ఇంటికెళ్ళి అత్తయ్యనడుగు. ఆ స్వరం ఉంది చూశారూ, ఎక్కడా పట్టక, కిటికీ సందులోంచి బయటపడి పారిపోయింది!"

"స్వరం పారిపోవడమేంట్రా అల్లుడూ!"

"అదే కదా మామా నా బాధ! ఇంకా రికార్డు కాలేదు. పెద్దాయన నోరు తెరిచే ఉంది, లోపల స్వరం లేదు. ఇంజనీరు తల పట్టుకుని కూలబడ్డాడు. పెద్దాయన నావంక చూశాడు. తమ్ముడూ, ఇక నువ్వే దిక్కు అన్న చూపు. వ్యాను తీశాను."

"వ్యాను ఇంజను అప్పటికే పోయింది కదండీ," అంది వదిన మెల్లగా. ఇక్కడైనా ఆగుతాడేమోనని ఆవిడ ఆశ.

"చూశారా! సమయానికి గుర్తుచేసింది మా ఆవిడ. ఇంజనే ఉంటే నేను ఓడిపోయేవాణ్ణి. ముందు పోతున్న స్వరం తన ఊపుకి వెనకాల వ్యానుని గాలిపటంలా లాక్కుపోయింది! అది వంతెన దాటింది, నేనూ దాటాను. రైలు గేటు పడింది. అది గేటు కిందనుంచి దూరింది, నేను వ్యానుతో సహా పైనుంచి ఎగిరాను."

"రైలు మీదుగానా?"

"రైలు డ్రైవరు చెయ్యి కూడా ఊపాడు. మర్యాదస్తుడు."

టైలర్ మామ పొట్ట పట్టుకున్నాడు. వదిన పాలు పొంగి స్టవ్ మీద పడ్డాయి, ఆవిడ చూసుకోలేదు. ఆవిడ కళ్ళు అక్కగారి మీదున్నాయి. అక్కగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. అది కోపమో, అసహ్యమో తెలియదు. దేవుడా, ఈయనకి ఒక్కసారి పొలమారేలా చెయ్యి తండ్రీ, అనుకుంది వదిన. పొలమారలేదు సరికదా, మైకన్నయ్య లేచి నిలబడ్డాడు.

"చివరికి అలసిపోయి కరెంటు తీగ మీద వాలింది. పిట్టలా ఆయాసపడుతోంది. నా దగ్గరేముంది? మా ఆవిడ ఇచ్చిన ఫ్లాస్కు! టీ అంతా గటగటా తాగేసి, మూత తీసి పట్టుకుని, ఆ పాట పల్లవే మెల్లగా కూనిరాగం తీశాను. తల్లి పిలిస్తే వచ్చే పిల్లలా వచ్చి ఫ్లాస్కులో దూరింది. మూత బిగించి తీసుకొచ్చి మైకు ముందు వంచాను. ఒక్క చుక్క నేల మీద పడింది. ఊడ్చేవాళ్ళ చీపురు ఇప్పటికీ పాడుతోంది! రేపు వినండి. గిటారులో బ్రేకు తీగ గరగర తెలుస్తుంది, స్వరంలో టీ వాసన తెలుస్తుంది."

బెంచీ అంతా ఊగిపోయింది నవ్వుతో. అక్కగారు గ్లాసు కింద పెట్టింది.

"ఆ ఆల్బమ్‌లో గిటారు లేదు నాయనా," అంది.

నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"రేపు ఎలాగూ అందరూ వింటారు, చెప్పేస్తే తప్పులేదు. వాడికి వేళ్ళు వంగడం లేదు. ఒక్క పాటలోనూ గిటారు ముట్టుకోలేదు. పియానో ఎవరో వాయించారు, వాడు పక్కన నిలబడి పాడాడు."

సైకిలు షాపతను తల దించుకున్నాడు. మైకన్నయ్య నోరు తెరిచే ఉంది, అందులోంచి ఏమీ రాలేదు. అయిపోయింది అనుకుంది వదిన. "అమ్మా, ఈయన మనసులో ఏమీ ఉండదు, నోరే..." అంటూ ముందుకొచ్చింది.

అక్కగారు చెయ్యెత్తి ఆపింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అవి నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళని అప్పుడు తెలిసింది వదినకి.

"ఈయన బండి బాగా నడుపుతాడని అడగకుండానే చాలామంది చెప్పారమ్మా. కానీ వ్యానులో నోరు మూసుకుని ఉండే మనిషైతే మంచిదనుకుని వచ్చాను. వాడు గిటారు గోడకి తగిలించినప్పటి నుంచి పాడటానికి తప్ప నోరు తెరవడు. మేమూ వాడి ముందు గిటారు మాటెత్తం. కంచం కూడా చప్పుడు కాకుండా పెడతాం." మైకన్నయ్య వైపు తిరిగింది. "దారిలో ఈ కథ వాడికి చెప్పగలవా?"

"చెప్తానండీ," అన్నాడు మైకన్నయ్య. అంత చిన్న గొంతు ఆయనకుందని వదినకే తెలియదు. "గిటారు తీసేసి చెప్తాను. ఆయన బాధపడకుండా."

"గిటారు తీసెయ్యకు!" అంటూ అక్కగారు సంచిలోంచి వ్యాను తాళం చెవి తీసి ఆయన చేతిలో పెట్టింది. "తీగ నువ్వే తెచ్చావని వాడి మొహం మీదే చెప్పు. వాడు అబద్ధమంటాడు. బండి ఆపమని నోరారా తిడతాడు. మా ఇంట్లో ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో!"