సుద్దగీత

జబ్బుపడిన భార్యకు కొత్తింట్లో మంచం మీంచి వీధి కనబడేలా కిటికీ కిందికి పెట్టమని బావ అంటే, వడ్రంగి అయిన బావమరిది దాన్ని ఛాతీ ఎత్తున పెట్టాడు. అక్క పోయిన మూడో నెలలో దోమల మెష్ ముక్కలు పట్టుకుని బావ దగ్గరికి వచ్చాడు.

“నల్లది వేయనా బావా, తెల్లదా?”

“ఏదీ వద్దు. మీ అక్క ఈ గదిలో నలభై రోజులు గోడను చూస్తూ పడుకుంది.”

“మేస్త్రీ కొలత తప్పాడు బావా.”

“ఆయన నెత్తిన రుద్దకు. సుద్దముక్కతో గీత గీసింది నేను. చెరిపింది నువ్వని ఆయనే చెప్పాడు.”

“కిటికీలన్నీ ఒకే వరసలో ఉంటే అందంగా ఉంటుందని...”

“నీకు అబద్ధమాడటం కూడా చేతకాదురా.”

బావమరిది మెష్ ముక్కను చుట్టాడు, విప్పాడు, మళ్లీ చుట్టాడు.

“డాక్టరు నెల దాటదన్నాడు కదా. ఇల్లు పూర్తయ్యేసరికి అక్క ఉండదు, ఇక కిటికీ కిందికెందుకు అనుకున్నా.”

“అంటే బతికుండగానే పంపించేశావు.”

“ఇప్పుడైనా గోడ కొట్టి దించుతా బావా.”

“ఎవరు చూడటానికి? కొలత నేనే తప్పు చెప్పానని ఆమెతో అన్నాను, నీ మీద మాట రాకూడదని. చివరిదాకా నన్నే తిట్టింది.”

“బావా...”

“నీ ముక్కలు తీసుకుని వెళ్లు. ఈ కిటికీ మాట ఇక నా నోట రాదు. నీ నోటా రానీయకు.”