మంగళవారం సున్నా

(అరిజోనాలో టూసాన్ ఊరి చివర, కొండ వెనక ఆదిశేషుగారి ఇల్లు. సెప్టెంబర్ చివరి శుక్రవారం పొద్దున, వెనక వరండా.)

"కాఫీ తర్వాత అంకుల్. ముందు ఇది చెప్పండి. మంగళవారం వాన ఎంత?"

"పంపాను కదమ్మా శ్రీలేఖా. సున్నా."

"సున్నా అంటే చుక్క కూడా పడలేదా?"

"సున్నా అంటే సున్నాయే. ముప్ఫై ఏళ్లు బ్రిడ్జిలు కట్టినవాణ్ణి, నాకు సున్నా తెలీదా? షుగర్ వేయనా?"

"మీ ఫెన్స్‌కి మోకాలెత్తున బురద గీత ఉంది. మెట్ల మీద ఇసుక మేట వేసింది."

"పైన కొండల్లో ఎక్కడో పడుంటుంది. నీళ్లు వాగులో కిందికొచ్చాయి. ఎడారిలో ఇదేం కొత్త? వెదర్ ఆఫీసులో ఫోర్‌కాస్ట్ రాసేదానివి, నీకు నేను చెప్పాలా?"

"మీరు ఇంట్లోనే ఉన్నారా?"

"ఎప్పుడు?"

"మంగళవారం అంకుల్. సాయంత్రం ఐదుకి."

"లేను. గుడికెళ్లాను. పక్క వీధి రఘువీర్ తీసుకెళ్లాడు. వచ్చేసరికి తొమ్మిదైంది. తడి వాసన తగిలింది. ఎక్కడో పడిందిలే అనుకున్నా."

"రఘువీర్ అంకుల్ ఎందుకు తీసుకెళ్లారు? మీ కార్ ఏమైంది?"

"సర్వీస్‌కి ఇచ్చా."

"గరాజ్ తలుపు తెరిచే ఉంది. కార్ లోపలే ఉంది. అద్దం మీద వేలితో పేరు రాసుకోవచ్చు, అంత దుమ్ము."

"నువ్వేంటమ్మాయ్, వాన గురించి అడగడానికొచ్చావా, నా ఇల్లు సోదా చేయడానికొచ్చావా?"

"సోమవారం నాకు రివ్యూ ఉంది అంకుల్. ఆ వాగులో ఒక కార్ కొట్టుకుపోయింది. తల్లీ కూతురూ. హెలికాప్టర్‌తో తీశారు. పాప ఇంకా ఐసీయూలోనే ఉంది. ఆ రోజు ఫోర్‌కాస్ట్ నాది. మాన్‌సూన్ సీజన్ అయిపోయినట్టే, కొండ వెనక వాన లేదు అని రాశాను. వార్నింగ్ ఇవ్వలేదు."

"విన్నాను. అందుకే..."

"అందుకే ఏంటి?"

"ఏం లేదు. కాఫీ చల్లారిపోతోంది, ఉండు పోస్తా."

"అంకుల్! అంకుల్, కప్పు నిండిపోయింది, ట్రేలో పోస్తున్నారు."

"మాటల్లో పడి చూసుకోలేదు. నీ వల్లే."

"సూటిగా అడుగుతాను. నన్ను కాపాడ్డానికే సున్నా పంపారా?"

"అదేం మాట?"

"ఈ కొండ అడ్డం వల్ల ఇటుపక్క మా రాడార్‌కి సరిగ్గా కనపడదు. ఇక్కడ ఎంత పడిందో చెప్పేది మీ వాన గేజ్ ఒక్కటే. మీ సున్నా ఉంటే, ఆ నీళ్లు ఎక్కడో దూరం నుంచి వచ్చాయి, శ్రీలేఖ తప్పేం లేదు అంటారు. నేను బయటపడిపోతాను."

"అయితే బయటపడు! మిషిగన్‌లో, నోవైలో మీ పక్కింట్లో ఉండి, నిన్ను ఎత్తుకుని తిప్పినవాణ్ణి. నీ ఉద్యోగానికి ఏమన్నా అయితే మీ నాన్న శ్రీధర్‌కి నా మొహం ఎలా చూపించను?"

"అంటే కావాలనే పంపారు."

"నేనలా అన్నానా?"

"అనలేదు. కాదని కూడా అనట్లేదు. వేసవంతా మీ గేజ్ నా ఫోర్‌కాస్ట్‌తో అచ్చు గుద్దినట్టు కలిసింది. ఆఫీసులో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను, ఆదిశేషు అంకుల్ గేజ్ అబద్ధం చెప్పదు అని. ఇప్పుడేమో మీరు కళ్లు తిప్పేసుకుంటున్నారు. నా మొహం చూసి చెప్పండి."

"చూస్తూనే ఉన్నా."

"నా చెవి వైపు చూస్తున్నారు."

"ముందు కాఫీ తాగమ్మా."

"పదండి, గేజ్ చూద్దాం."

"ఇప్పుడెందుకు? అందులో ఏముంటుంది? రోజూ ఏడింటికి చూస్తా, పంపుతా, నీళ్లు పారబోస్తా. పదకొండేళ్లుగా ఒక్క రోజు మిస్ కాలేదు. హాల్లో సర్టిఫికెట్ కూడా ఉంది, మీ ఆఫీసువాళ్లు ఇచ్చిందే."

"ఖాళీగానే ఉంటే చూస్తే పోయేదేముంది?"

"ఎండెక్కుతోందమ్మా..."

"మీరు కూర్చోండి. నేనే చూసొస్తా."

"శ్రీలేఖా, ఆగు. అమ్మాయ్! చెప్తే వినవేం?"

"అంకుల్! గరాటు మూత బిగుసుకుపోయింది ఇక్కడ. అంచంతా మట్టి గడ్డకట్టింది. తిప్పితే రావట్లేదు... ఆ, వచ్చింది. అయ్యో! లోపలి గొట్టం నిండి బయటి డబ్బాలోకి పొర్లింది. చచ్చిన తేనెటీగలు తేలుతున్నాయి. దీన్ని మీరు ముట్టుకుని ఎన్నాళ్లయింది?"

"ఎంత ఉంది?"

"ఏంటి?"

"నీళ్లు, తల్లీ. ఎంత ఉన్నాయి?"

"గొట్టంలో అంగుళం. డబ్బాలో ఇంకో అర అంగుళం. పాత నీళ్లయితే ఈ ఎండకి ఎప్పుడో ఆవిరైపోయేవి. ఇంత వాన మంగళవారం ఇక్కడే పడింది, మీ పెరట్లోనే! గీతలు ఇంత స్పష్టంగా ఉన్నాయి, వచ్చి చూడండి."

"నాకు గీతలు కనపడవమ్మా."

"అద్దాలు పెట్టుకోండి మరి."

"పెట్టుకున్నా అంతే. మధ్యలో పెద్ద మచ్చ. నీ జుట్టు కనపడుతోంది, మొహం కనపడట్లేదు. జూన్ నుంచి. అందుకే కార్ తీయడం మానేశాను."

"జూన్ నుంచా! నళిని ఆంటీకి తెలుసా?"

"ఆవిడ మేలోనే కాలిఫోర్నియా వెళ్లింది కదా, ఫ్రీమాంట్‌లో మా అమ్మాయి పురిటికి. చెప్పలేదు. చెప్తే ఈ ఇల్లు అమ్మేసి నన్ను అక్కడికి లాక్కుపోతారు. నువ్వూ చెప్పకు. డాక్టర్‌కి చూపించుకుంటున్నానులే, ఇంజెక్షన్లు ఇస్తున్నారు."

"ఉండండి, ఉండండి. జూన్ నుంచి కనపడకపోతే మరి రోజూ నంబర్ ఎలా పంపారు? పాయింట్ టూ, పాయింట్ ఫోర్ అని... ఎవరు చూసి చెప్పారు?"

"ఎవరూ లేరు."

"మరి?"

"ఎవర్నైనా అడిగితే తెలిసిపోదూ? పదకొండేళ్ల రికార్డు, ఒక్క రోజు ఖాళీ వదలాలంటే మనసొప్పలేదు. నువ్వు పొద్దున్నే పెట్టే ఫోర్‌కాస్ట్‌ని ఫోన్ చదివి వినిపిస్తుంది. కొండ వెనక ఇవాళ ఇంత పడొచ్చు అంటావు. మర్నాడు అదే పంపేవాణ్ణి, కాస్త అటూ ఇటూ మార్చి. మంగళవారం నువ్వు సున్నా అన్నావు. నేనూ సున్నా అన్నాను. నిన్ను కాపాడ్డానికీ కాదు, ముంచడానికీ కాదు. నువ్వు చదువుకున్నదానివి, తప్పు రాయవులే అనుకున్నా. తిట్టు తల్లీ, పర్లేదు. తిట్టు."

"గాలిలో తేమ ఇంతకి తగ్గితే కొండ వెనక వాన పడదని జులైలో నేనొక లెక్క కట్టాను అంకుల్. అది కరెక్టో కాదో రోజూ మీరు పంపే నంబర్‌తోనే సరిచూసుకున్నాను. మంగళవారం సున్నా అని రాసింది ఆ లెక్కని నమ్మే."