కుడి కనుబొమ మీద గాయం

నేను వర్కుషాపుల సందులో ఉన్న క్లినిక్‌లో నర్సుని. వయసు నలభై తొమ్మిది. ఇరవై రెండేళ్లుగా అక్కడే గాయాలు కడుగుతున్నాను, కుట్లు వేస్తున్నాను, కట్లు కడుతున్నాను. నన్ను ఎవరూ పిలిపించలేదు. మేజిస్ట్రేటుగారి ముందుకు నా అంతట నేనే వచ్చాను.

మంగళవారం ఉదయం పదకొండుంపావుకి బైండింగు షాపు నుంచి ఇద్దరొచ్చారు. ఒకాయన అక్కడి మేస్త్రి. రెండో అతను మేస్త్రి భార్యకి తమ్ముడు, అదే షాపులో అట్టలు కోస్తాడు. మేస్త్రి కుడి కనుబొమ మీద గాయం నోరు తెరుచుకుని ఉంది, ముఖమంతా రక్తం. బావమరిది ఒక చేత్తో ఆయన్ని పట్టుకుని నడిపిస్తున్నాడు. రెండో చేతిలో అట్టలు కోసే కత్తి ఉంది. ఆ కంగారులో కింద పెట్టడం మర్చిపోయినట్టున్నాడు.

"బావ జారిపడ్డాడు సిస్టర్. ప్రెస్సు చక్రానికి కొట్టుకున్నాడు," అన్నాడు.

"ఇక్కడికొచ్చే వాళ్లంతా జారిపడ్డవాళ్లే నాయనా. ముందు ఆ కత్తి అక్కడ పెట్టు," అన్నాను.

"పొద్దుట్నుంచీ పోట్లాటే. కత్తి పట్టుకుని నా మీదకొచ్చాడు. తర్వాత నాకేం తెలీదు," అన్నాడు మేస్త్రి.

"మీదకి రాలేదు బావా, పడిపోతుంటే పట్టుకుందామని వచ్చాను."

మా క్లినిక్‌లో ముందు రిజిస్టరు, తర్వాత గాయం. "కత్తి కోత, కుడి కనుబొమ, మూడు సెంటీమీటర్లు" అని రాసి రిజిస్టరు లోపలికి పంపాను. డాక్టరుగారు వేరే రోగి దగ్గర ఉన్నారు. నన్నే కుట్లు వెయ్యమని సంతకం పెట్టారు.

రాశాక కడిగాను. కడుగుతుంటే గాయం వింతగా కనిపించింది. కత్తికి తెగితే అడుగుదాకా శుభ్రంగా విడిపోతుంది. ఇందులో ఈ అంచు నుంచి ఆ అంచుకి సన్నటి పోగులు అడ్డంగా ఉన్నాయి, చిరిగిన గుడ్డలో మిగిలిన దారాల్లా. అంచులు నలిగి నీలమెక్కాయి. కనుబొమ మేము గొరగం, మళ్లీ సరిగ్గా మొలవదని. అందుకని వెంట్రుకలు భూతద్దం పెట్టి చూశాను. కత్తి అయితే అవీ తెగాలి. ఒక్కటీ తెగలేదు, నలిగి గాయంలోకి వంగి ఉన్నాయి. కింద ఎముక ఉన్నచోట గట్టి దెబ్బ తగిలితే చర్మం అలాగే చిట్లుతుంది, పైకి కోతలా కనిపిస్తుంది. ఇది నాకు కొత్త సంగతి కాదు.

అడుగున ఒక పచ్చరంగు పెచ్చు దొరికింది, గోరులో సగం ఉంటుంది. గాయాల్లోంచి తీసినవి చిన్న సీసాల్లో వేసి తేదీ రాసి దాచడం నాకు అలవాటు. గాజుపెంకులు, ఇనపరజను, ఒకసారి దువ్వెన పన్ను కూడా. మా డాక్టరుగారు దాన్ని సిస్టర్ మ్యూజియం అని ఆటపట్టిస్తారు. పెచ్చునీ సీసాలో వేశాను. నలిగిన అంచులు సరిచేసి ఐదు కుట్లు వేశాను, ధనుర్వాతం ఇంజెక్షన్ ఇచ్చాను. కుట్లు చక్కగా కుదిరాయి. లోపల ఏముందో ఇక ఎవరికీ కనపడదు.

రిజిస్టరు మాత్రం దిద్దలేదు. ఇరవై రెండేళ్లలో అందులో నా రాతకి ఒక్క కొట్టివేత లేదు. అది నాకు గొప్ప. కత్తి గాయమని క్లినిక్ నుంచి కబురు వెళ్తే, మధ్యాహ్నం మూడింటికి పోలీసులు వచ్చి ఆ పేజీ చూసి, "కత్తే కదా సిస్టర్?" అని అడిగారు. "రాసింది అదే," అన్నాను. సాయంత్రానికి బావమరిదిని తీసుకెళ్లారు.

గురువారం పదింటికి మేస్త్రిని కట్టు మార్పించడానికి ఆయన భార్య తీసుకొచ్చింది. ఆమె ఏడవలేదు. కట్టు అయ్యేదాకా ఆగి అడిగింది.

"రాసేటప్పుడు మీరు గాయం చూశారా సిస్టర్, మా తమ్ముడి చేతిలో కత్తి చూశారా?"

మేస్త్రి తలొంచుకున్నాడు. నేను మంగళవారం తేదీ రాసిన సీసా తీసి జేబులో వేసుకున్నాను.

ఆ సాయంత్రం ఐదున్నరకి డ్యూటీ దిగి బైండింగు షాపుకి వెళ్లాను. పుస్తకాలు అణిచే ఇనప ప్రెస్సు చక్రానికి పచ్చరంగు వేసి ఉంది. దాని ముందు నేలమీద ఒలికిన జిగురు ఎండిపోయింది, అందులో చెప్పు జారిన గీత మూరెడు పొడవుంది. చక్రం అంచున ఒకచోట రంగు ఊడింది. సీసాలోంచి పెచ్చు తీసి, పట్టకారుతో అక్కడ ఆనించాను. అతికినట్టు సరిపోయింది. నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు చాలా సంతోషమేసింది. అంతలోనే ఆ బావమరిది లాకప్పులో ఉన్నది మూడో రోజని గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

ఇవాళ శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి రిజిస్టరులో "కత్తి కోత" కొట్టేసి, "దెబ్బకు చిట్లిన గాయం" అని రాశాను. రిజిస్టరూ సీసా రెండూ తెచ్చాను. తప్పు నాది, అతను చెప్పింది నిజం. అతన్ని వదిలెయ్యమని వేడుకుంటున్నాను.

ఇందులో నేను చూసిందీ చేసిందీ తప్ప వేరే మాట లేదు. నేను చెప్పింది రాసుకున్న కోర్టు గుమాస్తాగారు చదివి వినిపించారు. "చిట్లిన" అని నేను చెప్పినచోట ఒకసారి ఆయన "కోసిన" అని రాశారు. కొట్టించి, దిద్దించి, కాగితం చేతిలోకి తీసుకుని మొదటి నుంచి నేనే చదువుకున్నాను. ఈసారి ముందు చూసి, తర్వాతే సంతకం పెడుతున్నాను.

(సంతకం)
క్లినిక్ నర్సు
శుక్రవారం, ఉదయం 11.40