రానీ అంటేనే

ఆదివారం పొద్దున, అబిడ్స్. రోడ్డుకు ఇవతల చెప్పుల దుకాణం డాబా మీద పంగకర్ర గులేరు పట్టుకుని డెన్నిస్, అవతల లాడ్జి డాబా మీద రత్నాకర్. ఇద్దరి చెవుల్లో ఇయర్‌ఫోన్లు. గులేరుతో నట్టు కొట్టి, దానికి కట్టిన దారం వెంట ఇంటర్నెట్ వైరు అవతలికి లాగడం వీళ్ల పని; అవతలివాడు 'రానీ' అంటేనే ఇవతలివాడు నట్టు వదలాలి.

"రానీ అంటివా, అనలేదా?"

"ఇంకా అనలె. ఆగన్నా, నీళ్ల ట్యాంకు ఎనకకు పోనీ."

"రబ్బరు గుంజి పట్టుకొని ఎంతసేపు నిలవడాలె రత్నం? జల్దీ."

"ఆ... రానీ."

"పోయింది! నీ ఎడమ పక్క పడ్డది, ఎడమ పక్క! దారం జారుతున్నది, పట్టు, పట్టు... అరే!"

"జారిపోయిందన్నా."

"జారిపోయిందా! కాళ్ల కాడ పడ్డదాన్ని పట్టరాదా? ఇది మూడోసారి. జరైతే కింద పాత పుస్తకాలమ్మే ముసలాయన నెత్తి పగులుతుండె."

"గాలి ఉన్నది గదా."

"ఏం గాలి? ఈడ కాకి ఈక కదుల్తలేదు."

"ఈడ ఉన్నది."

"ముప్ఫై గజాల రోడ్డు. నీకొక గాలి, నాకొక గాలా? దారం చుట్టుకుంటున్న, ఆగు. చిక్కు పడ్డది మళ్ల. థూ."

"నిమ్మళంగ చుట్టన్నా. టైముంది."

"యాడుంది? పది కొడితే ఆఫీసు నుంచి లహరి మేడమ్ వస్తది. డ్రోన్ తెప్పియ్యాల్నా, మనల్నే ఉంచుకోవాల్నా అని కండ్లార చూసి రాసుకుంటది. రెండు నెలల కింద ఆమె మన వీడియో నెట్ల పెట్టంగనే ఏమైంది? గులేరుల పెట్టి కొట్టినట్టు సీదా బషీర్‌బాగ్ ఆఫీసుల పెద్ద సారు ముంగట పడ్డం. ఇయ్యాల దారం అందకపోతే గదే గులేరుతోని ఇంట్ల పడ్తం."

"ఆమె గులేరు అనది. ఉండేలు అంటది."

"ఏదన్నా అననీ! నీకు నవ్వొస్తున్నదా?"

"నవ్వుతలేనన్నా."

"ఒకటి అడుగుత, ఏమనుకోకు. తాగుతున్నవా?"

"ఛీ! ఆదివారం పొద్దుగాల తాగుతనా?"

"ఆదివారం పొద్దుగాల నేను చర్చిల ఉండాలె. మా ఇంటామె జయమణి ఆడ క్వైర్‌ల పాడుతున్నది, నేనీడ డాబాలెక్కి నట్లు కొడుతున్న. ఇయ్యాల తప్ప ఈ రోడ్డు ఖాళీ దొరకదాయె. మరి తాగకుంటే ఏమైంది నీకు? ఇదివరకు పిట్టగోడ కాడనే నిలవడి రానీ అంటుంటివి. ఇప్పుడు ట్యాంకు ఎనక దాక్కుంటున్నవ్. భయమా?"

"భయం కాదు. జాగ్రత్త."

"నా గురి మీద నీకు జాగ్రత్తనా? పందొమ్మిదేండ్లల్ల ఒక్క నట్టు తప్పిందా? ఒక్క అద్దం పగిలిందా? చెప్పు."

"లేదన్నా."

"ఒక్క మనిషికి తగిలిందా?"

"చిక్కు తీసినవా అన్నా?"

"రత్నం, అడిగింది వినవడుతున్నదా?"

"వినవడుతున్నది. మంచిగ చుట్టు దారం."

"చూడు, నీ దగ్గర దాస్తే నాకు నిద్ర పట్టదు. పొద్దుగాల మేడమ్‌కు ఫోన్ చేసిన. అవతల పట్టెటోన్ని మార్చమన్న."

"నన్నా?"

"ఇంకెవరున్నరు ఆడ?"

"పందొమ్మిదేండ్లన్నా."

"నాకు తెల్వదా? నెల రోజుల సంది చూస్తున్న. అఫ్జల్‌గంజ్‌ల రెండుసార్లు ఇడిచిపెట్టినవ్. బేగం బజార్‌ల నట్టు ఒక దిక్కు పడితే నువ్వు ఒక దిక్కు చెయ్యి పెట్టినవ్. ఇయ్యాల మూడు. నేనెంతకని సంభాళించాలె? నాకూ ఇల్లుంది గదా."

"మేడమ్‌కు చెప్పేముందు నాకొక్క మాట చెప్పకపోతివి."

"చెప్తే ఏమంటవ్? గాలి అంటవ్."

"అంటుంటి. ఔ."

"నాకు మాత్రం మంచిగున్నదా? రాత్రంత బొర్లిన. నీ పెండ్లిల నీ పక్కన నిలవడ్డోన్ని నేను. ఆ నల్లద్దాలు తియ్యి, జర మొకమన్నా చూస్త."

"ఎండ కొడుతున్నది."

"మబ్బు పట్టింది! తియ్యి."

"వద్దన్నా."

"ఆగాగు. మూడుసార్లు నీ ఎడమ దిక్కే పోయింది. బేగం బజార్‌ల గూడ ఎడమ దిక్కే. రత్నం... ఎడమ కన్నుకు ఏమైంది?"

"ఏం కాలె."

"నీ పిల్లల మీద ఒట్టేసి చెప్పు ఏం కాలేదని."

"పిల్లలెందుకు నడుమ?"

"చెప్పు మరి!"

"కనవడదు."

"ఏంది?"

"ఎడమ కన్ను కనవడదన్నా. వస్తువు దగ్గరున్నదా దూరమున్నదా అర్థమైతలేదు. నట్టు ఈడున్నదనుకుంట, చెయ్యి పెడ్త, ఆడుంటది."

"యేసయ్యా! ఎప్పటి సంది?"

"నెలైతది. బాత్రూంల జారిన. నల్లా తగిలింది."

"కంటికి నల్లా తగిలిందా? ఏ దినం?"

"యాద్ లేదు."

"కన్ను పోయిన దినం యాద్ లేదా? నాంపల్లి స్టేషన్ రోడ్డు పని ఐనంక జరమొచ్చిందన్నవ్, ఆ వారమేనా? బత్తాయిలు పట్టుకొని నీ ఇంటికొస్తే పండుకున్నడని నీ ఇంటామె గడప కాడి నుంచే వాపస్ పంపిచ్చింది."

"ఆ వారమే."

"ఏ దినం అంటున్న."

"ఇడిచిపెట్టన్నా. నట్టు కట్టినవా? నేను నిలవడుతున్న."

"ఇడిచిపెట్ట. నాంపల్లిల నేను కొట్టంగనే నీ నుంచి మాట రాలె. చానసేపు రాలె. రత్నం, రత్నం అని ఒర్లిన. ఫోన్ చెయ్యిజారి పడ్డదన్నవ్."

"పడ్డది మరి."

"ఆ దినం నువ్వు రానీ అన్నవా?"

"పాత ముచ్చట ఇప్పుడెందుకన్నా?"

"అన్నవా, అనలేదా?"

"బస్సుల నడుమ జర సందు దొరికిందని నువ్వు తొందరపడ్డవ్. నేనింకా పిట్టగోడ కాడ వంగి తాడు సర్దుకుంటున్న. ఆగన్నా అన్న. నీకు వినవడలేదేమో."

"వినవడ్డది."

"అన్నా..."

"వినవడ్డది రత్నం. ఏమైతది తియ్యి, రత్నమే గదా అనుకొని ఇడిచిన. అయ్యో! మరి అందింది అని నువ్వే అంటివి గదా! వైరు గూడ గుంజితివి గదా!"

"దారం ముడేసి, వైరు గుంజి, క్లాంపు బిగిచ్చినంకనే దవాఖానకు పోయిన. సగంల ఇడిచిపెడితే నువ్వు ఉరికొస్తవని."

"ఎందుకు చెప్పలె రా? ఎందుకు చెప్పలె?"

"చెప్తే నువ్వు మళ్ల గులేరు ముడుతవా? నువ్వు బంద్ చేస్తే ఈ జోడీ యాడిది? గందుకే."

"తాగినవా అని అడిగిన నిన్ను. నా నోరు పడిపోను."

"డెన్నిస్ గారూ! అబ్బా, ఈ మెట్లు! దారం అందిందా?"

"మేడమ్..."

"నట్టు మీ చేతిలోనే ఉందేంటి? సరే, మీరు పొద్దున అడిగారు కదా, ఆకాష్‌ని తీసుకొచ్చాను. కిందున్నాడు, అవతలి డాబాకి పంపించనా? డెన్నిస్ గారూ, ఏడుస్తున్నారా?"

"ఆకాష్‌ను పంపకు మేడమ్. తప్పు నాది. మార్చాల్సింది పట్టెటోన్ని కాదు, కొట్టెటోన్ని."

"నాకేం అర్థం కావడం లేదండి."

"రత్నాకర్ ఎడమ కన్ను పోయింది. పోగొట్టింది నేను, ఈ గులేరుతోని. అంత రాసుకో. రాసుకునే ముందు ఒక్క దారం అందియ్యనీ. ఒక్కటే."

"అన్నా, మేడమ్‌కు గదంత ఎందుకు?"

"నువ్వు ఊకో. ఈ గులేరు పంగ చెక్కింది ఎవరు?"

"నేనే."

"జోడీ కట్టినప్పుడు ఎవరి గురి మంచిగుండె? నిజం చెప్పు."

"నాదే. పైసా ఎగరేస్తే బొమ్మ పడ్డది, నువ్వు గులేరు తీసుకున్నవ్."

"గురి పట్టేటప్పుడు ఏం చేస్తం రత్నం?"

"ఏం చేస్తం? గుంజుతం."

"గుంజే ముందు?"

"కన్ను మూస్తం. ఒక కన్ను... అన్నా!"

"ఏ కన్ను?"

"ఎడమది."

"మరి దిగు. నేనూ దిగుతున్న. ఈ డాబా మీదికి నువ్వు రా, ఆ డాబా మీదికి నేను పోత."

"పందొమ్మిదేండ్లాయె నేను గులేరు పట్టక. ఇయ్యాల తప్పితే? మేడమ్ చూస్తున్నది గదా."

"తప్పితే మళ్ల కొట్టు. లహరి మేడమ్, పది నిమిషాలు."

"పదిహేను తీసుకోండి డెన్నిస్ గారూ. ఆకాష్‌ని కిందే ఉండమంటాను, పుస్తకాల వైపు ఎవరూ రాకుండా చూస్తాడు."

"అన్నా, లాడ్జి డాబా మీదికి చేరినవా?"

"చేరిన. ఆయాసమొస్తున్నది, అంతే. గులేరు పట్టుకున్నవా?"

"పట్టుకున్న. పిడి అరిగిపోయింది, నీ వేలు గుర్తు పడ్డది."

"నట్టు కట్టినవా?"

"కట్టిన. గుంజుతున్న... అన్నా, పిట్టగోడ కాడ నిలవడ్డవేంది? జరుగు. ట్యాంకు ఎనకకు పో."

"కన్ను పోకముందు నువ్వెన్నడన్నా పోయినవా, నా ముంగట?"

"నాకు భయమైతున్నదన్నా. జరుగు."

"జరగ. రానీ."