చీటీలో ‘ఉంది’

ఎమ్మిగనూరు, 1984. బాలింత హజరా బీ గది లోపల గడియ వేసుకుంది. బయట నర్సు పార్వతమ్మ తలుపు తడుతోంది.

“రావద్దక్కా! నీకంటుకుంటాది.”

“అంటుకోనీ. నర్సమ్మ మంచాన పడితే సూదుల బాధ తప్పెనని ఊరంతా సంబరపడతాది. తలుపు తీయి హజరా. పది దినాలాయ, బిడ్డకు పాలియ్యలేదంటనే?”

“ఇయ్యను. పిండి పారబోస్తాండా. నా నెత్తురులో కోరింత దగ్గుండాది.”

“ఎవురు సెప్పినారు?”

“మీరే! ఇంటిల్లిపాది నెత్తురు తీసి ఆదోనికి పంపితిరి గదా. నా చీటీలో ‘ఉంది’ అని రాసినారు. మా ఆయన రెండుసార్లు సదివినాడు.”

“అయ్యో పిచ్చిదానా! ఉండేది దగ్గు కాదే. చిన్నప్పుడు నీకు కోరింత దగ్గు వచ్చినాదా?”

“వచ్చినాదంట. మాయమ్మ నా మీద ఆశే వదులుకున్యాదంట.”

“చూడు. ఆ దగ్గు పురుగుకు పల్లేరుకాయ మాదిరి ఒంటినిండా ముండ్లుంటాయి. వాటితోనే గొంతులో తగులుకుంటాది. ఆ ముండ్లను పట్టి కట్టేసేవి నీ ఒళ్లు అప్పుడే తయారుచేసుకున్యాది. ‘ఉంది’ అంటే అవి. పురుగు కాదు, కాపలా.”

“ఒట్టు పెట్టు.”

“నా బిడ్డల మీదొట్టు.”

“యా అల్లా... పది దినాలక్కా! గోడవతల వాడేడుస్తాంటే చెవులు మూసుకున్యా. ఇదో, తీసినా తలుపు. వాన్ని ఎత్తుకోవచ్చా?”

“ఎత్తుకో, పాలియ్యి. కడుపులో ఉన్నప్పుడే నీ కాపలా కొంత వానికీ పోయింటాది. కొంతే. సాలుతాదో లేదో ఎవురూ సెప్పలేరు. నెలబిడ్డ, సూది ఏసే వయసూ కాదు. దగ్గేవాళ్ల దాపుకు పోనియ్యొద్దు. యాడుండాడు?”

“ఆ గదిలో, సుగ్రాబీ కాడ. మా ఆడబిడ్డ. దానికి ‘లేదు’ అని వచ్చినాది. అందుకే...”

“అందుకే?”

“దాని నెత్తురు శుభ్రమని, బిడ్డను దాని పక్కనే పండబెడతాండాం. గోనెగండ్లలో మా అన్న పిల్లోళ్లు దగ్గుతాంటే చూసుకునేకి గూడా దాన్నే పంపితిమి. దానికంటదు గదా అని.”

“ఎప్పుడు?”

“చీటీలొచ్చిన మర్నాడే. ఒక రేత్రి ఉండి వచ్చినాది. ఏందక్కా, అట్ల చూస్తావు?”

“కాపలా లేనిది దానికే, హజరా. సుగ్రాబీ! ఓ సుగ్రాబీ! బిడ్డను ఆడనే పెట్టి బయటికి రామ్మా!”

“మెల్లగ పిలువక్కా. రెండు దినాలుగా నా దగ్గుకు వానికి కునుకే లేదు. ఇప్పుడే నా మెడలో మొగం పెట్టి నిద్రపోయినాడు.”