సగం గీసిన గడ్డం

హలో… ఆ, నేనేనే. మెల్లిగా మాట్లాడు, బయటికి వినబడుతుంది…

కొట్టులోంచే. వేణ్ణీళ్ళు తెస్తానని వెనక గదిలోకొచ్చా. తిరిగి వెళ్దామంటే గుమ్మంలో పాదాలు నేలకి అతుక్కుపోయాయి…

పడలేదులే. తలుపు పట్టుకునే నించున్నా. కర్టెన్ ఉంది కాబట్టి ఆయనకి కనబడను…

మాస్టారే, గడ్డానికొచ్చారు. ఒక చెంప గీశా, రెండోది నురగతో అలాగే ఉంది…

పొద్దున్నే వేసుకున్నానే మాత్ర. దాని జోరు తగ్గినట్టుంది. ఇంకోటి కుర్చీ పక్క సొరుగులో ఉంది. నేనేమో ఇక్కడ…

అది కాదు నా భయం. చెయ్యి ఖాళీగా ఉంటేనే కదా ఇన్నాళ్ళూ వణికేది? కత్తి పడితే ఆగిపోయేది. ఇవాళ గొంతు దగ్గర కత్తి ఉండగానే వణికింది…

తెగలేదు. అందుకేగా నీళ్ళ వంక పెట్టి వచ్చేసింది…

ఒక్క నిమిషం— వస్తున్నానండీ మాస్టారూ, నీళ్ళు కాగుతున్నాయి—

ఆ, చెప్పు… గుర్తుందే, డాక్టరు చెప్పింది. కాళ్ళలో ఏ లోపం లేదు. మెదడులో ఏదో రసం తగ్గిపోయి, నడవమనే కబురు కాళ్ళదాకా సరిగ్గా రావడం లేదు. గుమ్మాల్లో మరీను… తెలిసి ఏం లాభం? పద, పద అని లోపల మొత్తుకుంటున్నా. వినే నాథుడేడీ?…

దాటడానికి నేల మీద గీత ఉన్నట్టు అనుకున్నా. పాటా పాడుకున్నా, మనసులో. ఊహూఁ…

ఇంట్లో అయితే నువ్వు కాలు అడ్డం పెడతావు, దాటేస్తా. ఇక్కడెవరున్నారు?…

ఆయనకి చెప్పనా? చెప్పాక ఈ ఊళ్ళో నా చేతికి గొంతు అప్పగించేదెవరే?… ఈ పని తప్ప నాకేమొచ్చు…

ఏడవకు. నువ్వేడిస్తే నేను…

ఉండు. కుర్చీ చప్పుడైంది. ఇటే వస్తున్నారు.

…మా ఆవిడతోనండీ మాస్టారూ… లేదు, నీళ్ళు కాగడం లేదు. పొయ్యే వెలిగించలేదు. నేను కదల్లేకపోతున్నానండీ. జబ్బు. మీకే కాదు, ఎవరికీ చెప్పలేదు…

లాగకండి, లాగితే పడతా. మీ కాలు నా పాదాల ముందు అడ్డంగా పెట్టండి… ఏం కాదు, పెట్టండి… ఇంకాస్త ఇటు…

…ఆ.

వింటున్నావా? దాటా. కొట్టులోకొచ్చేశా… ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నారు… ఇదిగో, మాత్ర తీస్తున్నా.

కూర్చోండి మాస్టారూ… లేదండీ, ఆ చెంప నేను గియ్యను. మీరు గియ్యమన్నా గియ్యను. ఇదిగో కత్తి. పడుకోబెట్టి పట్టుకోండి… పై నుంచి కిందికి, మెల్లిగా. చెయ్యి బిగపట్టకండి…

కత్తి ఆయన తీసుకున్నారు…

ఏమో, రేపటి సంగతి నాకేం తెలుసు?…

పెట్టేస్తున్నా. ఆయన గీసుకుంటూ గొంతు దగ్గరికొచ్చారు, నేను చూడాలి.