సాక్షి పేరు

పరదేశంలో, పెండిల్ హిల్ పేటలోని మిఠాయి కొట్టు వెనకగదిలో యజమానురాలు, అక్కడ పనిచేసే విద్యార్థిని సున్నుండలు చుడుతున్నారు.

"లాయరు లేకుండా కోర్టుకెళ్తావా అమ్మడూ?"

"నా కేసు నేనే వాదించుకునే హక్కుందంట ఆంటీ."

"హక్కు ఊరికే వస్తుంది. వాడుకోవడమే ఖరీదు. తప్పు ఒప్పేసుకో, మందలించి వదిలేస్తారు."

"మాల్‌లో సెంటు సీసా ఎత్తుకెళ్లింది నేను కాదు. ఆ శనివారం మధ్యాహ్నం ఇక్కడే కాజాలు వేయిస్తున్నాను కదా!"

"ఆ మాట అక్కడ అనకు తల్లీ! అప్పటికే నీ వీసా ఒప్పుకునే పనిగంటలు దాటిపోయాయి. నిన్ను పంపేస్తారు, నా కొట్టు మూయిస్తారు."

"వీసా పోతే ఇంటికెళ్తాను. దొంగనని ముద్రపడితే ఎక్కడికెళ్లను?"

"నీ మాట ఎవరు నమ్ముతారే?"

"సాక్షిని పిలిచే హక్కూ ఉందంట. పేరు రాసిచ్చేశాను."

"ఎవరి పేరు?"

"మీ చేతిలో ఉండ చితికిపోయింది, ఆంటీ."